ఎర్ర గీత

పొద్దున్నే సి డ్రైవ్ కింద గీత
నీలం పోయి ఎర్రగా నిలబడింది.
మూడొందల ఎంబీ మిగిలింది.
బిల్లు ప్రింటు కానంటోంది.
ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసు,
కిటికీ అవతల ఒలిశెట్టి ఎల్లాజీ
ఆటోలో దిమ్మలు కరిగిపోతున్నాయని గోల.
"ఏటమ్మా, నీ డబ్బాకి కూడా ఆయాసమేటి?"

ఆయాసమే.
పదేళ్లుగా మింగిందే తప్ప కక్కింది లేదు.

జెట్టీ లెక్కలు.
జెట్టీ లెక్కలు కాపీ.
జెట్టీ లెక్కలు కాపీ రెండు.
జెట్టీ లెక్కలు అసలైన అసలు.

చివరి పేరు ఎవరు పెట్టారో తెలుసు.
నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న
గుమాస్తా గవరయ్య గారు.
తుపాను తీరం దాటే ముందురోజు రాత్రి
కరెంటు పోయేలోగా, రేకులు లేచిపోయేలోగా
ఉన్నవన్నీ మూడేసిసార్లు దాచారట.
భయం బరువెంతో ఆ రాత్రి ఎవరు తూచారు?
ఇవాళ నేను తూచాను:
నలభై ఒక్క జీబీ.

అన్నీ పట్టి ఒక్క నొక్కు నొక్కితే చాలు.
కానీ చప్టా మీద నూకరత్నం చేపలేరడం
రోజూ చూస్తున్నదాన్ని.
కానాగంతలన్నీ ఒకేలా మెరుస్తాయి,
ఒకటి రాత్రిది, ఒకటి మొన్నటిది.
ఆమె మెరుపు చూడదు,
మొప్ప ఎత్తి చూస్తుంది.

నేనూ ఎత్తి చూశాను.
సైజు, తేదీ, లోపల ఆఖరి వరస.
పేర్లు వేరైనా ఒళ్లు ఒకటే అయినవి చాలా ఉన్నాయి,
వాటితో పేచీ లేదు.
ఈ నాలుగింటిలో మాత్రం
ఒకదాని సైజు రవ్వంత ఎక్కువ.

తెరిచాను.
లెక్కల అడుగున ఆ రాత్రి బోట్ల జాబితా.
వచ్చింది, వచ్చింది, వచ్చింది,
పదకొండో వరసలో: రాలేదు.
మూడు కాపీల్లోనూ అదే, రాలేదు.
నాలుగోదాంట్లో, తొమ్మిది రోజుల తర్వాతి తేదీతో,
"భీమిలి దగ్గర ఒడ్డెక్కింది. నలుగురూ క్షేమం."
బోటు యజమాని: ఒలిశెట్టి ఎల్లాజీ.

కిటికీ అవతల ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

విండోస్ అన్న ఫోల్డరు జోలికి పోలేదు.
అక్కడా జంటలు కనిపిస్తాయి.
ఇంట్లో చిన్నమ్మడు, రేషను కార్డులో వరహాలమ్మ,
మనిషి ఒకర్తే కదా, అలాంటి జంటలు.
ఒక పేరు కొట్టేస్తే చోటేమీ మిగలదు,
పిలిస్తే పలికే దారి పోతుంది, అంతే.
మానిటరు అంచున గవరయ్య గారి చీటీ:
"తెలీనిది ముట్టకు."
ఉప్పుగాలికి ఒత్తు రాలిపోయి
"ముటకు" అయింది.
అయినా ముట్టలేదు.

మిగతావి చెరపలేదు, తరలించాను.
అగ్గిపెట్టెకి అన్నయ్యంత నల్ల డ్రైవులోకి,
"పోబోయేవి" అని ఫోల్డరు కట్టి.
అక్కడ మళ్లీ తెరిచి చూశాను, తెరుచుకున్నాయి.
మెషిను ఆపి, వెలిగించి, ఒక పాత బిల్లు అడిగాను,
ఇచ్చింది.
క్యాలెండరులో వచ్చే నెల పదిహేను చుట్టూ సున్నా చుట్టాను.
అప్పటిదాకా ఎవరైనా వెతుక్కుంటూ వస్తే
దొరకాలి కదా.

"రాలేదు" అన్న మూడూ అందులోనే ఉన్నాయి.
నాలుగోదాని పేరు మార్చబోయి ఆగాను.
అసలైన అసలు.
ఉండనీ.

గీత నీలమైంది.
ప్రింటరు రెండుసార్లు దగ్గి
చీటీ బయటికి నెట్టింది.
"ఇంతసేపేటి?" అన్నాడు ఎల్లాజీ,
మోచేతి దాకా ఐసు నీళ్లు కారుతూ.
"నువ్వు వచ్చావో లేదో చూస్తున్నా."
"పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నాను గదా!"
అవునన్నాను.
పన్నెండు దిమ్మలకి డబ్బు తీసుకుని
ఒక దిమ్మ కరుగుకింద కొట్టేశాను.