ముప్పై ఏడు శాతం

తార్తూలో ఆ రాత్రి
బయట మైనస్ పందొమ్మిది.
లోపల, నా కంప్యూటర్లో, ముప్పై ఏడు.
డిగ్రీలు కాదు, శాతం.

తెల్లారి తొమ్మిదికల్లా
నాచు మీద నా మూడో అధ్యాయం ఇచ్చేయాలి.
అవును, నాచే. చిత్తడి నేలల్లో పెరిగే నాచు.
ఏడాదికి ఒక్క మిల్లీమీటరు లేస్తుంది ఆ నేల.
నా అధ్యాయం దానికన్నా కొంచెం నెమ్మది.

సరిగ్గా రెండున్నరకి
"ఉపసంహారం" అని టైపు కొట్టి
టీ పెట్టుకుందామని లేచానో లేదో
తెర నీలంగా మారి
అప్‌డేట్ అవుతోంది, కదిలించకండి అంది.
అడగనైనా అడగలేదు!
అడిగిందేమో.
నెల్లాళ్లుగా రోజూ అడుగుతూనే ఉందేమో.
"తర్వాత" అని నొక్కిన వేలు మాత్రం నాదే.

నాలుగో అంతస్తు వంటగదిలో పంచాయితీ పెట్టాం.
ముందు కారెల్‌ని లేపుకొచ్చాం,
కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ చేస్తున్నాడు కదా అని.
కళ్లు నులుముకుంటూ తెర వంక చూసి
తను చేసేది ఉత్త సిద్ధాంతమనీ
ఏ కంప్యూటర్నీ విప్పి చూసిన పాపాన పోలేదనీ
ఎంతో మర్యాదగా చెప్పి,
ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా ఒకటి ఖాళీ చేసి
పడుకోవడానికి వెళ్లిపోయాడు.
ఆ పెరుగు నాది.
గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఉరుగ్వే రమీరోది ఒకటే మంత్రం: ఆపేసి మళ్లీ వెయ్.
సైకిలుకైనా ప్రేమకైనా
అతని దగ్గర ఉన్న వైద్యం అదొక్కటే.
సైకిలు ఇంకా నడుస్తోంది.

జార్జియా సిసానా ఏ సలహా ఇవ్వలేదు.
వాళ్లమ్మ పంపిన వాల్‌నట్ల దండ,
ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టింది,
తెచ్చి తెర ముందు నైవేద్యంలా పెట్టింది.
కాసేపాగి మేమే తినేశాం.
అదేమో నిమ్మకు నీరెత్తినట్టు
ముప్పై ఏడు దగ్గరే కూచుంది.

నాలుగింటికి హెల్మీ గారు వచ్చారు, రాత్రి కాపలా.
ఈ గోలేమిటని తిట్టడానికే వచ్చి
తెర మీద మాట చదివి నిట్టూర్చారు:
"పాలున్ ఓదకె."

ఆ పాలున్ సంగతి చెప్పాలి.
వచ్చిన కొత్తలో
కొట్లో అమ్మాయి నా ముందు చిల్లర పెడుతూ "పాలున్" అంటే
పాలున్నాయి, కొనమంటోంది కాబోలని
మొహమాటానికి వారంలో ఆరు లీటర్లు కొన్నాను.
"దయచేసి" అన్నా అదే, "ఇదిగో" అన్నా అదేనని
పాలు విరిగాక తెలిసింది.
ఓదకె అంటే ఆగండి.
నాకైతే ఆ పూట
ఓదార్చినట్టే వినపడింది.

హెల్మీ గారు చదువుకునే రోజుల్లో
కాలేజీ మొత్తానికి కంప్యూటర్ ఒక్కటేనట,
గది నిండా ఉండేదట,
బూట్లు విప్పి లోపలికి వెళ్లాలట.
మరి అది ఆగిపోతే?
"ఇంటికెళ్లి బంగాళాదుంపలు ఉడకేసుకునేవాళ్లం."

అలా, పొద్దున నాలుగున్నరకి,
నాలుగు దేశాల వాళ్లం
ఒక గిన్నె చుట్టూ నిలబడి దుంపలు ఉడకేశాం.
ఉప్పు రమీరో వేశాడు.
రుచి చూసి సిసానా వేసింది.
వాళ్లెవరూ వేయలేదనుకుని నేను వేశాను.

తొమ్మిదికి ఇరవై నిమిషాలుందనగా
కంప్యూటర్ దానంతటదే ఒళ్లు విరుచుకుంది.
మెనూలన్నీ ఎందుకో ఫిన్నిష్‌లో ఉన్నాయి.
అధ్యాయం భద్రంగానే ఉంది.
అడుగున "ఉపసంహారం", దాని కింద అంతా తెలుపు,
కిటికీ అవతల వీధిలాగే.
"ఈ నేలకి తొందర లేదు" అని ఒక్క వాక్యం కొట్టి
ఎనిమిదీ యాభై తొమ్మిదికి పంపేశాను.

ఎనిమిదీ యాభై తొమ్మిదికే జవాబొచ్చింది.
ప్రొఫెసర్ మాల్లె సోమవారం దాకా సెలవట,
మంచు మీద తిరగడానికి వెళ్లారట,
కంప్యూటర్ ఇంట్లోనే వదిలేశారట.

ఫ్రిజ్ తలుపు మీద కారెల్ చీటీ:
"పెరుగు చాలా బావుంది. ఎవరిది?"