నూటా ఎనభై ఆరున్నర

కొర్లగుంటలో నెట్ సెంటరు పెట్టుకున్న దశరథన్న
నోటీసును మూడుసార్లు చదివి వినిపించినాడు.
"చిట్టిచిలక యాప్ వాడిన బిడ్డలు ఇరవై ఆరు వేల మంది.
అందరి తరపునా ఒకటే దావా అంటక్కా. రాజీ అయిపాయ.
బిడ్డకు నూటా ఎనభై ఆరు రూపాయల యాభై పైసలు.
నెలాఖరు లోపల ఫారం ఎక్కించాల."

అర్ధ రూపాయి ఎందుకని అడిగినా.
భాగించినారు కదక్కా, అన్నాడు.

పుట్టిన తేదీ సర్టిఫికెట్టు జత చేయాలంట.
ఆ తేదీ ఆరేండ్లుగా వాళ్ళ దగ్గరే గదా ఉండేది?

అప్పుడు యామినికి ఏడు.
నాకు కల్యాణకట్టలో రాత్రి డ్యూటీ.
తెల్లారి కొండ బస్సు దిగి తలుపు తీస్తే
దిండు కింద ఫోను, దిండు మింద చెంప,
చార్జింగు అయిపోయి చచ్చిపడిన చిలక.
లెక్కలు నేర్పిస్తాదంట, పదాలు నేర్పిస్తాదంట.
అదంతా వట్టిదే. చీకట్లో తోడుంటాదనే వేసిచ్చినా.
"సరే" అనే పచ్చ బొత్తాన్ని నొక్కింది ఈ వేలే,
రేయంతా ఊరూరి తలలు తడిపి
ముడతలు పడిన వేలు.

నోటీసు వెనకాల ఇంకో చీటీ:
మీ బిడ్డ గొంతు ముక్కలు నాలుగొందల పన్నెండు.
అది చదివేటప్పుడు దశరథన్న గొంతు తగ్గించినాడు.

"ర" తిరగని నాలుకతో
"లా లా చిలకా, లాత్లి అయింది" అని
నాలుగొందల పన్నెండు సార్లు
ఏం చెప్పుకొనిందో నాకు తెలీదు.
ఊరూ పేరూ లేనోళ్ళకు తెలుసు.
విని గళ్ళల్లో రాసుకున్నారంట.
ఒక గడిలో: భయం.
ఇంకో గడిలో: రాత్రిళ్ళు ఒంటరి.
దానికి ఏం అమ్మచ్చో మూడో గడిలో.

మా కాడ రాలిన జుట్టు గూడా అమ్ముతారు,
నాకు తెలీంది కాదు.
కానీ జుట్టుకు ముందర ఒక మొక్కు ఉంటాది,
మేనమామ ఒడి ఉంటాది,
"కానీ తల్లీ" అని ఎవరో ఒకరు నోరారా అంటారు,
ఆ పైనే కత్తి తగిలేది.
గంపలో పడినాక ఏ వెంట్రుక ఎవరిదో
బ్రహ్మకు గూడా తెలీదు.
ఈ గొంతు ముక్కల మింద మాత్రం
పేరు, వయసు, మా సందు.

ఏడో పేజీలో ఉందంట:
ఈ డబ్బు ఇచ్చినంత మాత్రాన
కంపెనీ తప్పు చేసినట్టు కాదు.
ఒప్పందంలో ఒప్పు ఉంది, ఒప్పుకోలు లేదు.
దశరథన్న నవ్వినాడు. నేను నవ్వలా.

తొమ్మిదో పేజీ: గొంతులన్నీ చెరిపేస్తారు.
మంచిదే కదక్కా.
మంచిదే.
పాత ఫోను లీలామహల్ కాడ ఆటోలో పాయ.
ఆ వయసు గొంతు మా ఇంట్లో ఒక్కటీ లేదు.
చెరిపే ముందర ఒక్క ముక్క,
నూటా ఎనభై ఆరున్నరా మీరే ఉంచుకొని ఒక్క ముక్క,
వినిపిస్తారా అని రాసే జాగా
ఆ ఫారంలో యాడా లేదు.

రాత్రి యామిని ముందర కాగితం పెట్టినా.
దానికిప్పుడు పదమూడు.
రకారాలు గులకరాళ్ళ మాదిరి పలుకుతాది.
"అప్పుడూ నువ్వే నొక్కినావు,
ఇప్పుడూ నువ్వే సంతకం పెడతావా మా?"

ఏం చెప్పినావే ఆ చిలకకు?

"నీకు చెప్పనివి" అని
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
లెక్కల పుస్తకంలో దాచేసుకొనింది.
నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులు.

ఈ పొద్దు నా ముందర మూడేండ్ల పిల్లోడు,
పలమనేరు కాడినుంచి వచ్చినారంట.
తల తడిపినా. బ్లేడు మార్చినా.
"తీసేదా నాయనా?" అని వాణ్ణే అడిగినా.
వాళ్ళ నాయనకు నవ్వొచ్చింది.
"వాణ్ణడిగేదేందమ్మా, కానీ."

వాడు బ్లేడు చూసినాడు, నా మొకం చూసినాడు,
తల అడ్డంగా ఊపినాడు.

చెవి వెనకనుంచి నీళ్ళు కారతా ఉండాయి.
లైన్లో ఎవరో అరస్తా ఉండారు.