చేదు ముద్ద

మా అమ్మ చేతి ముద్ద చేదు.

ఈ మాట అంటే
నా తరఫున నొచ్చుకుంటారు చాలామంది.
అనరాని మాట ఏదో అన్నట్టు చూస్తారు.
వాళ్ళెవరూ కొండపి వైపు పెరగలేదు,
మాఘమాసంలో ఆకలేసి ఏడవలేదు.

పుష్యం దాటితే రెలుపుళ్ళ జోరు.
చీకటితో లేచి పొగతోటలో దిగితే
మంచుకు తడిసిన ఆకు
మోచేతుల దాకా జిగురు పూసేది.
ఎండెక్కే కొద్దీ అది నల్లబడి
గాజులకీ చర్మానికీ మధ్య
ఇంకో గాజయ్యేది.
బ్యారన్ పందిట్లో కర్రకి ఆకు అల్లుతూ
దీనమ్మ, మా అమ్మ,
కర్రకింత అని పెదాలతో లెక్క కట్టుకునేది.
బడి వదిలితే నేను నేరుగా అక్కడికే.
సద్దిగిన్నెలో సజ్జ సంగటి, గోంగూర పచ్చడి.
చింతపండు పులిమినా, పచ్చి టమాటా రుద్దినా,
ఇటుకపొడితో గీకినా
ముద్దకంటే ముందు నాలిక్కి ఆ ఆకే తగిలేది.

"ఏందే ఆ మొగం? మింగు.
మీ నాయన దుడ్లు పెట్టి మరీ నముల్తాడు దీన్ని.
నీకు ఊరికే వచ్చె."

రాత్రిపూట బ్యారన్ మాలకొండయ్య తాతది.
అద్దంలోంచి వేడి చూసి, చిల్లకంప ఎగదోసి,
పొయ్యి నోట్లో బూడిద కింద
గెణుసుగడ్డలు పూడ్చేవాడు.
అవి మగ్గేదాకా నేను నిద్రపోకుండా
పొలాలు అప్పజెప్పించుకునేవాడు.
తూర్పు చెక్క? పొగాకు.
అంతకు ముందు? జొన్న.
పాలేరు ఒడ్డు? పొగాకు.
ముందు? వరిగ.
మిట్టచేను? కొర్ర తాతా, గట్లమ్మట ఆముదాలు.
"అనపకాయలు మర్చిపోతివే.
నేను దొంగిలించింది ఆడే గదా"
అని చెంపలేసుకునేవాడు, నిన్న చేసినట్టు.
గడ్డ తొక్క బొగ్గు, లోపల తేనె.
దానికీ పొగవాసనే.
అయినా వేళ్ళు నాక్కునేవాళ్ళం.

తర్వాత ఆ ఏడు.
చెంచురామయ్య బేళ్ళు వేలానికి
మూడుసార్లు పోయి మూడుసార్లు తిరిగొచ్చాయి.
నో బిడ్.
మా ఊళ్ళో ముసలాళ్ళకి కూడా వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే.
ఆకు రంగు మంచిదేనంట, కాపు మంచిదేనంట,
కొనేవాళ్ళకి అక్కర్లేదంట.
కూలి బాకీ కింద ఆయన అమ్మతో
మిట్టన అరెకరం రెండేళ్ళు దున్నుకోమన్నాడు,
మొహం పక్కకి తిప్పుకుని.

అమ్మ కంది వేసింది. సాళ్ళ మధ్య సజ్జ.
గట్టున గోంగూర, నాలుగు బుడందోస పాదులు.
చలికి కాయ గట్టిపడ్డాక
ఉప్పేసి కుండెడు ఉడకబెట్టి
దోవన పోయేవాళ్ళని పిలిచి మరీ పెట్టింది.
మాలకొండయ్య తాత పళ్ళు లేక
గింజలు చప్పరించి, తొక్కలు లెక్కపెట్టుకున్నాడు.

ఎండిన కందులు దోరగా వేయించి
మిరపకాయలు, తెల్లగడ్డ, రోట్లో బరకగా నూరి
రేషన్ బియ్యపు వేడన్నంలో కలిపి
నా నోటి ముందు పెట్టింది.

నాలిక వెతుక్కుంది.
కంది కమ్మగానే ఉంది, కారం చెవుల్లోకెక్కింది,
ఉప్పు సరిపోయింది.
"ఏదో వెయ్యలేదు నువ్వు" అన్నాను.

అమ్మ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.
ఇంకోసారి పెట్టుకుంది.
"పోయిందే" అంది,
పోగొట్టుకున్నట్టో, దొరికినట్టో.

రెండేళ్ళకి ధర లేచింది.
చేను ఆయనకి పోయింది, ఆకు మాకు వచ్చింది.

ఇప్పుడు ఒంగోలులో కందిపప్పు పాకెట్లో కొంటాను.
మిక్సీలో వేస్తాను, బరక ఉండదు.
నా కూతురు నోరు తెరిచి ఎదురుచూస్తుంది.
ముద్ద కలిపాక, పెట్టబోయే ముందు,
ఒక్కోసారి
వేళ్ళు వాసన చూసుకుంటాను.