ఎర్తు వైరు

ముప్పయ్యొక్క ఏళ్ళు
దేవుడి మాటలకు మైకు కట్టాను.
గుంటూరు నల్లచెరువులో కొట్టు,
రేకుల షెడ్డు, పద్నాలుగు హారన్లు,
బోర్డు మీద రంగు వెలిసిన పావురం.
నల్లపాడు సభలకైనా
ఏటుకూరు రోడ్డులో ఉపవాస కూటాలకైనా
తిమోతి రావాల్సిందే.
"ఇంకొంచెం పెంచు తమ్ముడూ" అనేవాళ్ళు పాస్టర్లు.
పెంచేవాణ్ణి.
పరలోకం దూరం కదా మరి,
మిర్చి యార్డు ఘాటు దాటుకుని
ఆ కేక పైకి పోవాలి కదా.

పోయినవి నా చెవులు.

కుడిది పూర్తిగా. ఎడమదాంట్లో
రాత్రింబగళ్ళు ఒకటే కీచు,
కట్టెయ్యడం మర్చిపోయిన ఆంప్లిఫయరు లాగా.
పెద్దాస్పత్రి డాక్టరమ్మ కాగితం మీద రాసి చూపించింది:
ఇది పోదు. అలవాటు చేసుకోండి.

తబితమ్మగారికి కాగితం అక్కర్లేదు.
కొత్తపేట ఆస్పత్రిలో రోగుల మంచాల పక్కన
నలభై ఏళ్ళు ఊరికే కూర్చున్న మనిషి.
పెదాలు కదిపితే చాలు, తెలిసిపోతుంది.
"ఇన్నేళ్ళూ ఆయనకు చెవుడనుకున్నావట్రా?
ఇంట్లో ఉన్నవాణ్ణి వీధిలో నిలబడి కేకేస్తారా ఎవరైనా?
షట్టరు దించుకుని కూర్చో. ఏమీ అడక్కు."

కూర్చున్నాను,
తెల్లవారుజామున, వైరు చుట్టల మధ్య.
మొదటివారం మోకాళ్ళు, అప్పులు,
చిన్నల్లుడు పట్టుకుపోయి తిరిగివ్వని జనరేటరు.
రెండోవారం నిద్ర.
మూడోవారం భయం.
లోపల ఎవరైనా ఉంటే
ఇన్నాళ్ళూ అన్నీ విన్నట్టే కదా.

ఊపిరితో ఒక్క మాట పట్టుకోమంది ఆమె.
నాకు తోచింది: ఉన్నావా.
మైకు టెస్టింగు మనిషిని, అంతకన్నా ఏం తోస్తుంది.
పీలుస్తూ ఉన్నావా,
వదులుతూ ఉన్నావా.

సెట్టు గుయ్యిమంటుంటే
సౌండు తగ్గించి లాభం లేదు, ఎర్తు వెయ్యాలి.
రాగి కడ్డీ నేలలోకి దింపి
బొగ్గూ ఉప్పూ వేసి, బిందెడు నీళ్ళు పోసి
తీగ చివర దానికి చుట్టి
ఊరుకోవాలి.
మిగతాది నేల చూసుకుంటుంది.

అలాగే దిగాను, రోజుకో జానెడు.
కొన్నాళ్ళు అదీ లేదు, రాయి అడ్డం.
నల్లరేగడి అడుగున ఎక్కడో
చెమ్మ తగిలింది.
చెవిలో కీచు ఎక్కడికీ పోలా.
దాని వెనకాల మాత్రం,
సభ మధ్యలో కరెంటు పోతే
జనమంతా ఒక్కసారి తలెత్తుతారే,
ఆ క్షణం లాంటిదేదో
పోకుండా నిలబడి ఉంది.

ఏ రోజో చెప్పలేను.
యార్డుకి కొత్త సరుకు దిగే రోజులు.
షట్టరు సందులోంచి ఘాటొచ్చి తుమ్మాను.
తుమ్మి, మళ్ళీ ఊపిరి అందుకుంటే
మాట చివర దీర్ఘం రాలిపోయి ఉంది.

ఉన్నావు.

ఎవరు ఎవరితో అన్నారో నాకు తెలీదు.

ఆరింటికి మా కుర్రాడు హనోకు
షట్టరు బాదీ బాదీ చేతులు నొప్పెట్టాయన్నాడు.
పెదకాకానిలో కూటమట సాయంత్రం,
ఎనిమిది హారన్లు కావాలన్నారట.

రెండు ఎక్కించమన్నాను.