మధ్యన కూర్చున్నవాడు

గురువారం మూడింటి పంటు మీద
రెండు స్కూటర్లు, కొబ్బరికాయల ట్రక్కు ఒకటి, నేను.
సంచిలో రెండు జిరాక్సు కట్టలు.
ఒకటి కుడినుంచి ఎడమకి, ఒకటి ఎడమనుంచి కుడికి,
మాటల్లేని అన్నదమ్ముల్లా వీపులు ఆనించుకుని.
సఖినేటిపల్లి రేవు వెనక్కి జరిగిపోతుంది.
వశిష్ఠ ఈ నెల్లో ఎర్రగా వస్తోంది,
ఏ ఊరి చేనుగట్టు కరిగిందో ఏమో.

నరసాపురంలో లేసు కొట్టు మేడ మీద
వాజిద్ సాయిబు గారి గది.
ఫ్యానుగాలికి ఎగిరే కాగితాల మీద
బరువుకి ఒక తాళంకప్ప, ఒక అత్తరు సీసా.
"రండి ఫిలోమినమ్మా, ఎక్కడ ఆపాం?"
ఆయనకి లాటిన్ రాదు.
నాకు అరబ్బీ అక్షరాలొచ్చు, దాని ఊపిరి రాదు.
ఆయన చదివి తెలుగులో చెబుతారు.
ఏలూరులో ముసలి ఫాదరు గారు నేర్పిన లాటిన్‌తో
ఎనిమిది వందల ఏళ్ల కిందటి వాక్యం మీద
వేలు పెట్టుకుని నేను వింటాను.

టొలేడోలోనూ ఇంతేనట.
ఒకడు అరబ్బీ చూసి బజారు భాషలో పైకి చెబితే
నడినెత్తి గొరిగించుకున్న ఇంకొకడు
లాటిన్‌లో రాసుకున్నాడు.
అరబ్బీ మిగిలింది. లాటిన్ మిగిలింది.
మధ్యలో ఆ గదిలో మోగిన మాట
ఒక్కటీ మిగల్లేదు.
వాడు ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ గొంతు సవరించుకున్నాడో,
మధ్యాహ్నం ఏం తినొచ్చి ఏ వాక్యం మీద కునికాడో,
నా పరిశోధనంతా నిజానికి వాడికోసం.
గైడు గారికి ఇంకా చెప్పలేదు.

ఇవాళ ఒక మాట దగ్గర ఇసుకమేట తగిలింది.
గొర్రె తోడేలుని చూస్తుంది.
కంటికి అందేది బూడిదరంగు, నాలుగు కాళ్లు.
కీడు ఏ రంగు? కీడుకి ఎన్ని కాళ్లు?
అయినా గొర్రెకి అది అందుతుంది.
ఆ అందినదాన్ని అరబ్బీ 'మఅనా' అంది,
లాటిన్ 'ఇంటెన్షియో' అంది,
తరాల తరబడి పండితులు దానిమీద తగువులాడుకున్నారు.

సాయిబు గారు కళ్లజోడు తీసి తుడిచారు.
"తోడేలుని నేను చూళ్లేదమ్మా.
మా పెరట్లో పెట్ట ఉంది.
మబ్బు నీడ పాకుద్ది, గింజలు ఏరుకుంటానే ఉంటది.
గద్ద నీడ పాకుద్ది, అదీ నీడే,
పిల్లల్ని రెక్కల కిందకి లాగేసుకుంటది.
ఏం చూసినట్టు? చూళ్లేదు. పసిగట్టింది. ఆయ్.
గట్టింది పెట్ట. గట్టినది 'పసి' కదండీ?"

నా పెన్ను ఆగిపోయింది.
నోటుబుక్కు కనబడక
పంటు టికెట్టు వెనక రాసుకున్నాను: పసి.
ఇన్నేళ్లుగా నా నోట్లోనే ఉంది,
చంటిపిల్లల్ని తప్ప దేన్నీ పిలవలేదు దాంతో.

తర్వాతి పుటలో 'అస్ల్' వచ్చింది.
"అసలు" అన్నారాయన.
అర్థం చెప్పండి అన్నాను.
"అదేనమ్మా. అసలంటే అసలే. పక్కది నకలు.
రెండూ అక్కణ్ణించే వచ్చాయి.
మీరు ఎప్పుడూ రిజిస్ట్రారాఫీసుకి వెళ్లలేదేంటి?"
ఇద్దరం ఎంత నవ్వామంటే
కింద లేసు లెక్కపెట్టేవాళ్లు లెక్క తప్పారు.

"థీసిస్‌లో మీ పేరు వేస్తాను."
"వద్దు. తప్పులుంటే నావంటారు,
ఒప్పులుంటే మీవంటారు. బేరం గిట్టదు."
టొలేడోలో వాడూ ఇదే అన్నాడేమో.
అని ఉంటే మాత్రం ఎవరు రాసుకున్నారు గనక.

గైడు గారి ఎర్రసిరా నాకు ముందే తెలుసు:
మధ్యభాషకి ఆధారం చూపండి.
చూపిస్తాను.
అంచు తడిసిన టికెట్టు ఒకటి, అక్షరాలు రెండు.

చీకటి పడ్డాక పంటు.
డీజిలు వాసన, మంచు, ఎవరిదో బుట్టలో ఎండుచేపలు.
టికెట్లు చించే కుర్రాడు నా ఒళ్లోకి తొంగిచూశాడు.
కాగితానికి మొదలు ఎటో తేలక
మెడ ఇటు వంచి, అటు వంచి,
"అసలు ఏం చదువుతారండీ మీరు?" అన్నాడు.

"ఇప్పుడు నువ్వన్నావే, అందులో మొదటి మాట" అన్నాను.
పెదాల మీద వెనక్కి లెక్కపెట్టుకుంటూ
తాడు విసరడానికి వెళ్లాడు.