బంగాళాదుంప కొట్టేసి, కంద

పర్లాకిమిడి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో
రికార్డు గది తాళంచెవి
డబ్బీరు నీలాద్రి గారి మొలతాడుకి ఉండేది.
పగలంతా ఒడియాలో దస్తావేజులు,
గుండ్రటి అక్షరాల కింద గుండ్రటి సంతకం.
రాత్రి, చెడిపోయిన స్టాంపు కాగితాల వెనక
తెలుగులో హత్యలు.

ముప్ఫై ఒక్క నవలలు.
అన్నింట్లో ఒకటే కోట,
మూడొందల ఏళ్ల కిందటిది, ఏ పటంలోనూ లేనిది.
అన్నింట్లో ఒకడే ఆరా తీసేవాడు: దివిటీల గురువులు.
మంత్రి కాదు, కొత్వాలు కాదు,
వెలుగు పట్టుకుని ముందు నడిచే కూలివాడు.
కాబట్టి శవాన్ని అందరికన్నా ముందు చూసేవాడు,
అందరూ వచ్చాక
ఎవరి కంటికీ ఆననివాడు.

నాకప్పుడు పన్నెండేళ్లు.
స్టేషను రోడ్డులో మా నాన్న అద్దె పుస్తకాల బడ్డీ, రోజుకి పది పైసలు.
నౌపడా నుంచి చిన్న రైలు
బొగ్గు నుసితో పాటు బెజవాడ పార్సిలు దింపేది.
అట్ట మీద ఎప్పుడూ ఒక రాజకుమారి, చేతిలో పిస్తోలు.
లోపల రాజకుమారీ లేదు, పిస్తోలూ లేదు.
"ఏటి బాబూ ఇది?" అని మా నాన్న అడిగితే
"ఆ గుంట నా కథలోది కాదు, దారి తప్పి ఒచ్చీసింది.
ఉండనీ. నాకొచ్చే డెబ్బై అయిదు రూపాయలూ
దాని కష్టార్జితమే" అన్నారు.

ఒక దివిటీ ఎంతసేపు మండుతుంది?
ఏ పుస్తకంలోనూ దొరకలేదని
పెరట్లో కర్రకి గుడ్డ చుట్టి, ఆముదం పోసి,
చేతి గడియారం చూసుకుంటూ మూడు రాత్రులు కూర్చున్నారట.
"సంపినోడెవుడో గానీ
నెల్లాళ్ల నూనె పోయింది మాత్రం నాది" అంది సుభద్రమ్మ గారు.
గాలి లేకపోతే అరగంట. గాలుంటే పావుగంట.
ఆ పావుగంట మీదే పదిహేడో నవల నిలబడింది.

తర్వాత టెక్కలి నుంచి ఒక కార్డు:
"అయ్యా, ఎనభై మూడో పేజీలో వంటవాడు
బంగాళాదుంపలు తరిగాడు.
ఆ రోజుల్లో మన వైపు అవి ఎక్కడివి?"
ఆయన మొహం నేను చూశాను,
శవం సొంతింట్లోనే దొరికినట్టు.
బడ్డీకి వచ్చి నాలుగు కాపీలూ దింపించి
సిరా కలంతో బంగాళాదుంప కొట్టేసి, పైన కంద అని రాసి,
పక్కన పొట్టి సంతకం పెట్టారు,
దస్తావేజులో కొట్టివేతకి పెట్టినట్టే.

అయిదో కాపీ అద్దెకెళ్లింది.
నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని
కొమ్ము దువ్వెనలు చేసే వీధికి వెళ్లారు.
ఆ ఇంటామె పుస్తకం ఇవ్వనంది.
"ఇంకా పది పేజీలున్నాయి. ఎవుడో తెలీకుండా ఎలా ఒగ్గీమంటారు?"
రాసింది ఈయనేనని నేను చెప్పబోతే
నా చెయ్యి గట్టిగా నొక్కారు.
అరుగు మీద, కొమ్ము పొడి రాలుతుంటే
గంటసేపు,
ఆమె పేజీ తిప్పినప్పుడల్లా తలెత్తి చూస్తూ
కూర్చున్నారు.

టీవీలొచ్చాయి. బెజవాడ జవాబివ్వడం మానేసింది.
బడ్డీ జెరాక్సు షాపైంది.
మా పిల్లలకి ఒడియా వచ్చు, ఇంగ్లీషు వచ్చు,
నా బోర్డు మీది తెలుగు మాత్రం బొమ్మలా చూస్తారు.
ఆయన ముప్ఫై రెండోది మొదలెట్టారు.
నెలకో ప్రకరణం తెచ్చేవారు. ఎన్ని కాపీలంటే
"ఒకటి తియ్యి. అది నువ్వే ఉంచుకో."

చిన్న రైలు పట్టాలు పీకేస్తున్న ఏడాది
ఇరవై రెండో ప్రకరణం తెచ్చారు.
తలుపు గడియ పడింది. లోపల ముగ్గురు.
గురువుల చేతి దివిటీలో
పావుగంట నూనె.
ఇరవై మూడోది తేలేదు.

పదకొండో రోజు దాటాక కాగితాల కట్ట పట్టుకుని వెళ్లాను.
"అమ్మా, వాళ్లలో ఎవరు?"
సుభద్రమ్మ గారు కళ్లద్దాలు తుడుచుకుంది.
"నాకు తెల్సు. రాయకముందే నాకు చెప్పీవోరు, అన్నీ."
"మరి?"
"చెప్పీస్తే ఆయన ఊరుకోరు నాయినా.
మళ్లీ మొదట్నించి చదువు.
దీపం ఎవరు ఆర్పమంటన్నారో చూడు."