ఐదో మెట్టు

పగలు జునీ గోదాముల ముందు వేబ్రిడ్జి మీద
గోధుమ లారీలు తూస్తాను.
రాత్రి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా కూచుని
ఒక డీజిల్ ఇంజనుకి రివెట్లు కొడతాను.
ఇనుము లేదు, సుత్తి లేదు,
ఉన్నది మౌసొకటి.
దాని ఎడమ బటన్ ఎప్పుడో అరిగిపోయింది.

రైలాటలు ఆడేవాళ్ళకి
పాత బండ్లు చేసిపెట్టడం నా పిచ్చి.
డబ్బు కోసమా అంటే,
పోయినేడు వచ్చింది రెండు జతల బూట్లకి సరిపోయింది.

ఈసారి నలభై ఎనిమిదో తరగతి ఆల్కో.
అందగత్తేమీ కాదు,
పొట్టి ముక్కు, పొడుగు వీపు.
పట్టాలు బరువోర్చని పిల్ల లైన్ల మీదికి
గోధుమ కోసం దీన్నే తోలేవారు.
ఇప్పుడా లైన్ల మీద తుమ్మ మొలిచింది,
గోధుమ నా దగ్గరికి లారీల్లో వస్తోంది.

ఊరి చివర షెడ్డు వెనక, గడ్డిలో,
ఒకటి నిలబడి ఉంది.
నిలబడి మాత్రమే ఉంది.
మూడు ఆదివారాలు టేపు పట్టుకు తిరిగాను:
మెట్టుకీ మెట్టుకీ ఎడం,
కిటికీ రబ్బరు మందం,
డ్రైవరు సీటు చిరుగులోంచి తొంగిచూసే స్పాంజి,
అందులో కాపురమున్న చీమలతో సహా.

రంగు దగ్గర చెయ్యి ఆగింది.
డబ్బా మీద పేరు ఇండియన్ రెడ్.
"మీ వైపుదేనా ఇది?" అన్నాడు డెస్ ట్రెలోర్,
ముప్పై నాలుగేళ్ళు ఈ బండ్లు తోలిన మనిషి.
మా వైపు ఆ రంగు
నీళ్ళ కాగుకి మసి గీకితే అడుగున దొరుకుతుంది.
మావైపుదే, అన్నాను.

గొంతు దగ్గర వచ్చింది చిక్కంతా.
ఎవరో ప్లాట్‌ఫారం మీద పట్టిన
పాత క్యాసెట్టొకటి సంపాదించాను.
ఆగి ఉన్నప్పటి గుర్రు ఉంది.
ఒకటి నించి నాలుగో మెట్టు దాకా ఉంది.
ఆరూ ఏడూ ఎనిమిదీ, గుండె అదిరేలా ఉన్నాయి.
ఐదు దగ్గర ఒక పిల్లాడు
ఐస్‌క్రీం కావాలని ఆరున్నొక్క రాగం అందుకున్నాడు.
ఎంత గీకినా వాడు ఇంజన్లోంచి దిగడు.

నాలుగుని సాగదీశాను, ఆరుని నొక్కాను,
రెంటినీ కలిపి అతికించి వినిపించాను.
టీలో బిస్కెట్టు ముంచిన డెస్
అది విరిగి మునిగిందాకా విని
"వాక్యూమ్ క్లీనరు," అన్నాడు.

"ఐదులో అది వెంటనే పలకదమ్మాయ్.
ముందు నల్లగా ఊపిరొదులుతుంది.
తర్వాత కాసేపు ఆలోచిస్తుంది.
ఆ తర్వాత, సరేలే అంటుంది."

ఎలా అంటుంది, అన్నాను.

పళ్ళసెట్టు తీసి సాసర్లో పెట్టాడు.
కళ్ళు మూశాడు.
కుడి చెయ్యి గాలిలో ఏదో పిడిని
ఒక గంటు దాకా లాగి ఆగింది.
పొట్ట అడుగునించి లేచిందది,
మొదట దగ్గులా,
తర్వాత దగ్గు మరిచిపోయిన దగ్గులా,
బరువు, తడి, ఇసుక, ఎత్తు,
వెనక వేలాడే ఇరవై పెట్టెలు.
అల్మరాలో గ్లాసులు ఒకదాన్నొకటి తాకాయి.
పెరట్లో కుక్క లేచి గేటు వంక చూసింది.
బట్టలుతుకుతున్న బెవ్
ఇటు తిరక్కుండానే అడిగింది:
"బెతుంగ్రా ఎక్కుడా, డెస్?"

ఫోన్ బల్లమీదే ఉంది.
ఒక్కసారే పట్టాను. రెండోసారి అడగలేకపోయాను.

బండి విడుదలైన నెలకి
పోలండ్ నించి ఒకాయన రాశాడు:
ఐదో మెట్టు చివర పింగాణీ చప్పుడొకటి వస్తోంది,
నిజం బండికీ ఉండేదా?
ఉండేది, అని రాశాను.
ఈ ఒక్క బండికే, అని కూడా రాశాను.

డెస్ ఒక్కసారి తోలాడు దాన్ని,
కీబోర్డు మీద రెండు వేళ్ళతో,
కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టి.
ఇల్లాబో దాటాక ఆపేశాడు.
తప్పేమన్నా ఉందేమో అనుకున్నాను.
"కిటికీ తెరిచే బటనేది?"

పెట్టలేదు.
చలికాలమైనా ఒక మోచెయ్యి బయటే ఉంచేవాడట.

వారంగా ఆ గాజు మీదే ఉన్నాను.
సగం దాకా దిగుతోంది,
అక్కడ పట్టేస్తోంది.
అది కూడా అలాగే ఉండేదంటాడాయన.